ఐదువందల పన్నెండో గది చీటీ

“కుడి జేబులో పెట్టావా, ఎడమ జేబులోనా? సరిగ్గా చెప్పు.”

“కుడి జేబులోనేనండీ. ఎన్నిసార్లు చెప్పాలి?”

“మరి ఏదీ?”

దీనమ్మ తెల్ల యూనిఫాం మంచం మీద బోర్లా పడి ఉంది. థామస్ దాని జేబులు రెండూ బయటికి లాగేశాడు. పరుపు తిరగేశాడు, బూట్లు దులిపాడు, చివరికి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి కెలికాడు. ఐదో అంతస్తులో పోయిన చీటీ ఇంట్లో బియ్యం డబ్బాలోకి ఎలా వస్తుందండీ? రాదు. కానీ భయపడ్డ మగవాడి చేతులకి ఏదో ఒక పని ఉండాలి.

మధ్యాహ్నం రెండవుతోంది. రియాద్‌లో ఆ ఆసుపత్రి క్వార్టర్ల కిటికీలన్నిటికీ గోధుమరంగు టేపు అంటించి ఉంది. యుద్ధం మొదలై నెల దాటింది. విషవాయువు లోపలికి రాకుండా గది తలుపు కింద తడి తువ్వాలు పెట్టుకోవడం అందరికీ అలవాటైపోయింది.

“నిన్ను రాయమన్నదెవరు అసలు? సంతకం పెట్టించుకున్నారా లేదా? ఐదువందల పన్నెండో గదిలో పేషెంటు ఎవరో, రోగమేమిటో మొగుడికి కూడా చెప్పనని సంతకం పెట్టావా లేదా?”

“పెట్టాను. మీకు చెప్పానా? ఇవాళ పొద్దుటి దాకా మీకు తెలుసా?”

“నాకు చెప్పలేదు. చీటీ మీద రాశావు!”

“ప్రభువుకి రాశానండీ.”

“ప్రభువుకి తెలుగు చీటీ కావాలా? ఆయనకి చీటీ లేకపోతే తెలీదా?”

దీనమ్మ ముఖం ఎర్రబడింది. “మా అమ్మ అలాగే నేర్పింది. ‘ఒక రోగి కోసం’ అని గాల్లో అడిగితే అది ప్రార్థన కాదనేది. పేరు చెప్పాలి, ఊరు చెప్పాలి, కష్టమేమిటో మొదటినుంచీ చెప్పాలి అనేది. నరసాపురంలో పుట్టినప్పటినుంచీ మనందరం అలాగే కదా రాస్తున్నాం!”

నరసాపురంలో అయితే సరే. ప్రార్థన చీటీ పళ్లెంలో వేస్తారు, పాస్టరుగారు గట్టిగా చదువుతారు, ఊరంతా ఆమెన్ అంటుంది. ఇక్కడ ప్రార్థన కూటం పెడితే నేరం, అలా కుదురుతుందా? ఇక్కడ ప్రతి శుక్రవారం కీర్తన అనే నర్సు ఇంట్లో పుట్టినరోజు చేస్తారు. బల్ల మీద కేకు, కేకు మీద కొవ్వొత్తులు. పదకొండు కుటుంబాలూ గొంతు పైకి లేవకుండా పాడుకుంటాయి. చీటీలు కేకు డబ్బా కింద పెడతారు. చదవడం అవగానే కాల్చేస్తారు. మధ్యలో ఎవరైనా తలుపు కొడితే అందరూ కలిసి హ్యాపీ బర్త్‌డే ఎత్తుకోవాలి. కీర్తనకి ఏడాదికి యాభై రెండు పుట్టినరోజులు!

“చీటీలో కీర్తన పేరు ఉందా?” అన్నాడు థామస్.

దీనమ్మ తల దించుకుంది.

“దీనా, ఉందా?”

“శుక్రవారం కీర్తన ఇంట్లో అందరూ ఆయన కోసం మోకరించాలని... చివర్న రాశాను.”

థామస్ మంచం అంచున కూలబడ్డాడు. ఆ గదిలో పేషెంటు యూరప్‌లో ఒక దేశానికి అధ్యక్షుడు, నిన్న అక్కడ ఒక పేపరు వేసేసిందట. ‘అధ్యక్షుడికి వచ్చింది జలుబు కాదు, గుండెపోటు’ అని. అక్కడ నలభై రోజుల్లో ఎన్నికలు. ఆ మాట బయటికి చేరవేసిందెవరా అని పొద్దుటినుంచీ ఆసుపత్రిలో గది గదీ వెతుకుతున్నారు. ఇప్పుడు ఈ చీటీ గనక వాళ్ల చేతికి చిక్కితే దీనమ్మే చేరవేసిందంటారు. దాంతోపాటు పదకొండు కుటుంబాల ప్రార్థన బయటపడుతుంది. జైలా, విమానం ఎక్కించడమా, ముందు ఏది జరుగుతుందో దేవుడికే తెలియాలి.

“నీకు ఎప్పుడూ ఇంతే. అయినవాళ్ల సంగతి పట్టదు. గ్యాస్ మాస్కు ఇస్తే అది కూడా ఆ ఊడ్చేవాడికి ఇచ్చేశావు.”

“ఆయన పేరు నర్సింలు. ఆయనకి మాస్కు ఎవరూ ఇవ్వలేదు, అందుకే ఇచ్చాను.” దీనమ్మ గొంతు ఒక్కసారిగా మారిపోయింది. “మొదటి సైరన్ మోగిన రోజు నర్సింలు, ఇంకో నలుగురు కింద ఏసీ ప్లాంటు గది తలుపు బాదారు. తాళం మీ దగ్గరే ఉంది. లోపలినుంచి గడియ వేసుకుని మీరు తియ్యలేదు. అయినవాళ్లు, కానివాళ్లు అని నాకు మీరా చెప్పేది?”

అది ఇన్నాళ్లూ ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని మాట. థామస్ బయటికి లాగిన జేబుల్ని మళ్లీ లోపలికి దోపాడు.

అప్పుడే తలుపు కొట్టారు.

ఇద్దరూ కదల్లేదు. మళ్లీ కొట్టారు. దీనమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. థామస్ వెళ్లి తీశాడు.

అబ్దుల్ వహాబ్. సెక్యూరిటీ ఆఫీసులో గుమాస్తా, నిజామాబాదు మనిషి. తెలుగు చక్కగా మాట్లాడతాడు గానీ ఒక్క అక్షరం చదవలేడు. బళ్లో అంతా ఉర్దూయే.

“థామస్ భాయ్, జర జల్ది నడువు. ముదీర్ పిలుస్తుండు.”

“దేనికి భాయ్?”

“అయిదో అంతస్తు ప్యాంట్రీల ఒక కాగితం దొరికింది. చూస్తే తెలుగు లెక్క కొడుతుంది. నాకు సదువ రాదాయె. నువ్వొచ్చి సదివి పెట్టు, అంతే.”

థామస్ వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ముఖంలో ఉన్నదంతా వహాబ్‌కి తెలిసిపోతుందని భయం.

*

సెక్యూరిటీ ఆఫీసులో ఇద్దరున్నారు. బల్ల వెనక ముదీర్, అంటే అక్కడి పెద్ద. పక్కన అధ్యక్షుడి కార్యదర్శి, బూడిదరంగు కోటు వేసుకున్న పొడుగాటి దొరసాని. బల్ల మీద, ఒక గాజు పలక కింద, ఆ చీటీ.

నాలుగు మడతల గళ్ల కాగితం. పద్నాలుగు లైన్లు. అక్షరాల తలకట్లు కుడివైపుకి సాగదీసే ఆ చేతిరాత థామస్‌కి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? పదేళ్లుగా ఆ రాతలోనే ఇంటికి సరుకుల జాబితా వస్తోంది.

“నువ్వు ముందు మనసుల సదువుకో. తర్వాత గట్టిగ సదువు. నేను అరబ్బీల చెప్త,” అన్నాడు వహాబ్.

థామస్ వంగి చదివాడు.

‘ప్రభువా, 512లో ఉన్న హెన్రిక్ వాల్డార్ గారి కోసం. వయసు అరవై ఏడు. రేవులో బల్లకట్టు నడిపేవాడి కొడుకు. ఈయనకి పదహారేళ్లప్పుడు తండ్రిని సైనికులు తీసుకుపోయారు, మళ్లీ రాలేదు. తల్లి చేపలు ఎండబెట్టి చదివించింది. బడిపంతులు చేశాడు. ఊరికి మేయరయ్యాడు. తర్వాత ఆరోగ్య మంత్రి. ఇప్పుడు రెండోసారి దేశాధ్యక్షుడు. తన దేశపు డాక్టర్లు ఈ యుద్ధంలో ఎలా ఉన్నారో చూడ్డానికి వచ్చి ఇక్కడే గుండె పట్టుకుని పడిపోయాడు.’

అసలు సంగతి ఆ కిందే ఉంది.

‘సైరన్ మోగినప్పుడు ఆయన్ని కిందికి తీసుకెళ్లే వీల్లేక నేను పక్కనే కూర్చున్నాను. చచ్చిపోతానని నా చెయ్యి పట్టుకుని చెప్పుకున్నాడు. మంత్రిగా ఉన్నప్పుడు ఒక పాడైన మందు వల్ల తొమ్మిదిమంది పసిబిడ్డలు పోయారు. మందు మంచిది కాదన్న కాగితం ముందే ఆయన బల్ల మీదికి వచ్చింది. దాన్ని దాచాడు. ఆ సంగతి బయటపెట్టిన మార్తా అనే నర్సు మీదే తప్పంతా తోశాడు. ఆమె ఉద్యోగం పోయింది, ఊరొదిలి ఎక్కడికో వెళ్లిపోయింది. అలా నిలబెట్టుకున్న మంచి పేరుతోనే తాను అధ్యక్షుణ్ణయ్యానని ఏడ్చాడు. తండ్రీ, ఆయన్ని క్షమించు. మార్తా ఎక్కడున్నా కాపాడు. శుక్రవారం కీర్తన ఇంట్లో అందరూ ఆయన కోసం మోకరించాలి.’

అయ్యో దీనా! గుండెపోటు ఒక్కటే రాశావనుకున్నాను. మనిషి బతుకంతా ఎత్తి కాగితం మీద పెట్టేశావే!

“ఏమిటది?” దొరసాని ఇంగ్లీషులో అడిగింది. “పైన ఆ అంకెలు మాత్రం నాకు అర్థమవుతున్నాయి. ఐదు, ఒకటి, రెండు. మా అధ్యక్షుడి గది నంబరు.”

ఒక నర్సు మీద తప్పు తోసేసి పైకి వచ్చిన మనిషి. ఇప్పుడు ఇంకో నర్సు దొరికితే ఏం చేస్తాడు? ఏం చేస్తాడో కాగితం మీద రాసే ఉంది.

“గది నంబరు కాదు మేడమ్,” అన్నాడు. ఆ మాట తన నోటినుంచే వచ్చిందని అతనికే ఆశ్చర్యం. “ఇంటి నంబరు. మా దేశంలో ఇళ్లకి అలాగే ఉంటాయి. ఐదు-పన్నెండు.”

“మధ్యల గీత లేదు గద?” అన్నాడు వహాబ్.

“తొందరలో వెయ్యలేదేమో భాయ్. పోస్ట్‌మ్యాన్‌కి తెలుస్తుంది.”

ముదీర్ వేలితో బల్ల మీద కొట్టాడు. చదువు అన్నట్టు.

థామస్ చదవడం మొదలుపెట్టాడు. కాగితం మీద లేనిది చదవడం ఎంత కష్టమో ఎప్పుడైనా ప్రయత్నించారా? కళ్లు అక్షరాల మీదే కదలాలి. లైను చివర ఆగాలి. తడబడకూడదు, అలాగని మరీ గడగడా పోకూడదు.

“డోర్ నంబరు ఐదు-పన్నెండు, రేవు వీధి, నరసాపురం. అమ్మకి నమస్కారాలు. మేం ఇక్కడ బాగానే ఉన్నాం. రేడియోలో విని కంగారు పడకు...”

తలుపు సగం తెరిచే ఉంది. ఆ సందులోంచి బయట బెంచీ మీద ఎవరివో నీలం పాంటు, అరిగిన రబ్బరు చెప్పులు కనిపించాయి. ఆ చెప్పులు థామస్‌కి తెలుసు. ప్లాంటు గది తలుపు కింది సందులోంచి ఒకసారి చూశాడు.

నర్సింలు! ఇతన్నెందుకు పిలిచారు? ఆ వెంటనే అర్థమైంది. ఒకడు చదివింది నిజమో కాదో రెండోవాడి చేత చదివిస్తారు. జగిత్యాల నర్సింలు పదో తరగతి చదువుకున్నవాడు. ఊరి చివర సులైలో ఉన్న వాళ్ల లేబర్ క్యాంపులో అందరి ఉత్తరాలూ అతనే రాసిపెడతాడు.

థామస్ గొంతు పెంచాడు. బెంచీ దాకా వినపడేలా పెంచాడు.

“తమ్ముడికి కామెర్లు తగ్గాయా? పసరు మందు మానేసి డాక్టరుకి చూపించండి. గేదె ఈనిందని రాశారు, సంతోషం...”

“గట్టిగ ఎందుకు? మేం చెవిటోళ్లమా?” అన్నాడు వహాబ్.

“ఏసీల చప్పుడులో పని కదా భాయ్, గొంతు అలా అలవాటైపోయింది.”

పద్నాలుగు లైన్లకి సరిపడా సాగదీశాడు. గేదెకి దూడ, మేనత్తకి మోకాళ్ల నొప్పి, వర్షానికి కారుతున్న వంటిల్లు. చివరికి “ఇట్లు” అని ఆగిపోయాడు.

“ఇట్లు ఎవరు?”

“సంతకం లేదు భాయ్.”

“చేతిరాత ఎవరిది?”

“నాకేం తెలుస్తుంది?”

అబద్ధాల్లో ఇదే అన్నిటికన్నా బరువుగా ఉంది. పదేళ్లు కాపురం చేసిన భార్య చేతిరాత తనకి తెలీదన్నాడు.

వహాబ్ బయటికి చూసి పిలిచాడు. “నర్సింలూ, లోపటికి రా. నువ్వు గూడ సదువు. థామస్ భాయ్, నువ్వు ఆ గోడ దిక్కు మొకం పెట్టు. సైగ చేసినవంటే నా నౌకరీ పోతది.”

*

థామస్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. గోడ మీద మంట ఆర్పే సిలిండర్ వాడే పద్ధతి బొమ్మలు అంటించి ఉన్నాయి. చెప్పుల చప్పుడు బల్ల దగ్గరికి వచ్చి ఆగింది.

నర్సింలు మనసులో చదువుతున్నాడు. అంతా చదువుతున్నాడు. థామస్ కళ్లు మూసుకున్నాడు. నేను తలుపు తీసి ఉంటే ఇప్పుడు ఇతన్ని చూసి ఇంత వణికేవాణ్ణి కాదు కదా! మాస్కులు ఎనిమిదే ఉన్నాయి, లోపల ఎనిమిదిమందిమే ఉన్నాం, అని ఆ రోజు లెక్క చెప్పుకున్నాను. ఆ లెక్క ఇప్పుడు చెబుతానా ఇతనికి?

“ఇంటికి రాసిన ఉత్తరం సార్,” అన్నాడు నర్సింలు.

థామస్ చెయ్యి గోడకి ఆనించాడు.

“పైన గిది ఇంటి నంబరు. ఐదు-పన్నెండు. నరసాపురం. అమ్మకు దండాలు చెప్పిండ్రు. తమ్మునికి కామెర్లంట, డాక్టరుకు చూపియ్యమన్నరు. బర్రె ఈనిందంట. మేనత్తకు మోకాళ్లు నొస్తున్నయంట. వంటింట్ల వాన నీళ్లు కారుతున్నయంట.”

వహాబ్ అరబ్బీలో చెప్పాడు. ముదీర్ తల ఊపాడు.

“ఇగ ఆఖర్న ఒక మాట ఉన్నది సార్,” అన్నాడు నర్సింలు. “సైరన్ మోగినప్పుడు ఎవలన్న వచ్చి తలుపు కొడితే తియ్యుండ్రి, బయట ఉన్నోళ్లది గూడ పానమే అని రాసిండ్రు.”

“గీ లైను నువ్వు సదువలేదు గద థామస్ భాయ్?” వహాబ్ గొంతులో నవ్వు పోయింది. “ఇటు తిరుగు. సదివినవా?”

థామస్ తిరిగాడు. నర్సింలు అతని వైపు చూస్తున్నాడు. ఆ ముఖంలో కోపం లేదు, కక్ష లేదు. నిన్ను బతికిస్తున్నాను గానీ ఊరికే వదిలిపెట్టను అన్నట్టుంది.

“చదవలేదు,” అన్నాడు థామస్. “నాకు కనపడింది. చదవడానికి నోరు రాలేదు. తప్పు నాదే.”

ఆ మాట అతను చెప్పింది వహాబ్‌కి కాదు. నర్సింలు తల పక్కకి తిప్పుకున్నాడు.

ముదీర్ గాజు పలక ఎత్తి, చీటీ తీసి, దొరసాని వైపు జరిపాడు. ఇక మీ ఇష్టం అన్నట్టు. ఆమె దాన్ని మడతపెట్టబోయింది. అయిపోయింది అనుకున్నాడు థామస్. ప్రభువా, గట్టెక్కించావు అనుకున్నాడు.

టెలిఫోన్ మోగింది.

వహాబ్ ఎత్తి విని, రిసీవరు దొరసానికి అందించాడు. వింటున్నకొద్దీ ఆమె కళ్లు చీటీ మీదినుంచి నర్సింలు మీదికి, నర్సింలు మీదినుంచి థామస్ మీదికి వచ్చాయి. రిసీవరు పెట్టేసి చాలా నెమ్మదిగా అంది.

“దీనమ్మ మీ భార్యా?”

“అవును మేడమ్.”

“ఆమె ఇప్పుడు ఐదువందల పన్నెండులో ఉంది. ఈ కాగితం రాసింది తానేనని అధ్యక్షుడికి చెప్పిందట. ఆయన తనతో చెప్పిన మాటలే ఇందులో ఉన్నాయట. అంటే ఇది ఇంటికి ఉత్తరం కాదు.”

అంతా గట్టెక్కిందనుకునేసరికి వెళ్లి ఒప్పేసుకుంది! ఎవరడిగారు నిన్ను, దీనా? నా కోసం ఒక్క పావుగంట ఆగలేకపోయావా?

“దీన్ని చదివి వినిపించాలట,” అంది దొరసాని. “ఆయన ఎదుట, మా ఎదుట. ఒక్క మాట వదలకుండా. ఎవరు చదువుతారు?”

వహాబ్ ఆ మాటలు తెలుగులో చెప్పగానే నర్సింలు చీటీ అందుకుని థామస్ చేతిలో పెట్టాడు.

“నువ్వే చదువు అన్నా. ఈ పారి ఉన్నది ఉన్నట్టు చదువు. ఆమె ఆడ ఒక్కతే నిలవడ్డది.”

*

ఐదువందల పన్నెండు తలుపు దీనమ్మే తీసింది. ఆమె గుండె మీద ఉండాల్సిన గుర్తింపు కార్డు లేదు. అది మంచం పక్క బల్ల మీద, మందు గ్లాసు దగ్గర పెట్టి ఉంది. ఎవరు తీశారో, ఆమే తీసి పెట్టిందో తెలియలేదు.

“వహాబ్ మిమ్మల్ని వెంట తీసుకెళ్లగానే వచ్చేశానండీ,” అంది గొంతు దించి. “నా బదులు మీరు దొరికిపోతారని భయమేసింది.”

“నేను అప్పటికే నెగ్గుకొచ్చాను దీనా,” అన్నాడు అతను. అందులో కోపం ఎంతో, ఏడుపు ఎంతో అతనికే తెలీదు.

దిండ్లకి ఆనుకుని కూర్చున్న ముసలాయన పేపర్లలో ఫోటోల కన్నా చాలా చిన్నగా ఉన్నాడు. తెల్లటి చేతుల మీద సూదుల మచ్చలు. ముదీర్, వహాబ్, నర్సింలు గుమ్మం దగ్గర ఆగారు. దొరసాని నోట్‌బుక్ తెరిచి కలం పట్టుకుంది.

“చదవండి,” అన్నాడు ముసలాయన ఇంగ్లీషులో.

థామస్ ఇంగ్లీషులోకి మార్చి చదివాడు. మొదటి మాట ‘ప్రభువా’. ఈ దేశంలో ఆ మాట తలుపు తెరిచి ఉండగా గట్టిగా అనడం అదే మొదటిసారి. బల్లకట్టు, తండ్రి, ఎండు చేపలు, బడి, మేయరు. ముసలాయన కళ్లు మూసుకుని వింటున్నాడు. ఎవరి కథో వింటున్నట్టుంది. మంత్రి. రెండోసారి అధ్యక్షుడు. గుండె. దొరసాని కలం చకచకా పోతోంది.

సైరన్ దగ్గరికి వచ్చి థామస్ ఆగిపోయాడు. ఆ కింద ఉన్నది చదివితే ఈయన పేరు పోతుంది. పేరు పోయే మనిషి ఏం చేస్తాడో చీటీ చెబుతూనే ఉంది. చదవకపోతే దీనమ్మ అబద్ధం ఆడినట్టవుతుంది. బల్ల మీద ఆమె కార్డు కేసి చూశాడు. ఫోటోలో దీనమ్మ నవ్వుతోంది.

“అంతే సార్,” అన్నాడు. “తర్వాత ఊరికే ప్రార్థన.”

“అంతే కాదండీ,” అంది దీనమ్మ తెలుగులో, మెల్లగా.

ముసలాయనకి తెలుగు రాదు. కానీ కళ్లు తెరిచి, ముందు ఆమె వైపు, తర్వాత కార్యదర్శి వైపు, ఆఖరికి థామస్ వైపు చూశాడు.

“ఆగారెందుకు? మార్తా ఇంకా రాలేదు.”

కార్యదర్శి కలం ఆగిపోయింది.

“మార్తా ఎవరు సార్?” అంది.

ముసలాయన చెయ్యి దుప్పటి మీదినుంచి జరిగి, బల్ల మీద ఉన్న దీనమ్మ కార్డు మీద పడింది. దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. తిరిగి ఇవ్వడానికో, తన దగ్గరే ఉంచుకోవడానికో దీనమ్మకి తెలియలేదు.

“చదవండి,” అన్నాడు.